ఇచ్, నీ, సాన్ – మా హాస్టలు మేడ మీది జపాను పాఠం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమ్మా అని వార్డెన్ మేడమ్ గారు ఫోను చేసినప్పుడు మొదట భయం వేసింది. ఈ సంచికలో రాసేవాళ్ళంతా ఉద్యోగాలు వచ్చినవాళ్ళు. టీచరైన అక్కలు, కానిస్టేబులైన అక్కలు, బ్యాంకులో చేరిన అక్కలు. నాకింకా ఏమీ రాలేదు. ఎం.ఎ. తెలుగు చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే అన్నది తప్ప చెప్పుకోవడానికి పెద్ద విషయం లేదు. మరి ఏం రాయను మేడమ్ అంటే, “నువ్వు హాస్టలుకు వచ్చి పిల్లలకు ఆ కరాటే మాటలు చెప్పావు కదా, అదే రాయి” అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను 2013లో ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేరాను. ట్రంకుపెట్టె, పళ్ళెం, గ్లాసు, ఒక దుప్పటి. నాయన నన్ను గేటు దగ్గర దింపి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కిపోయాడు. చూస్తే ఏడుస్తానని చూడలేదని తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది. మాది అనంతపురం జిల్లాలో వానమీద ఆధారపడిన ఊరు. శెనక్కాయ పంట పోతే కూలి, కూలి లేకపోతే వలస. నేను వచ్చిన మొదటి వారంలోనే నా మాట విని టౌను పిల్లలు నవ్వారు. “ఏందంటివి?” అంటే నవ్వు, “యాడికి పోతాండావు?” అంటే నవ్వు. కొన్నాళ్ళకు నేనే మాట తగ్గించుకున్నాను.

ఎనిమిదో తరగతిలో ఉండగా బళ్ళో ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ అని ఒక కరాటే మాస్టారు వచ్చారు. మూడు నెలలు నేర్పారు. ఆ మూడు నెలలు అయిపోగానే ఆయన రావడం ఆగిపోయింది. మాకేమో అప్పుడప్పుడే రుచి తగిలింది. పదో తరగతి అక్క ఒకామె ఆపవద్దు అంది. రోజూ ఉదయం ఐదున్నరకు, స్టడీ అవర్‌కు ముందు, హాస్టలు మేడ మీద మేమే చేసుకునేవాళ్ళం. పైపులో నీళ్ళు వచ్చే టైము కూడా అదే కాబట్టి సగంమంది బకెట్లు వరసలో పెట్టి వచ్చేవాళ్ళు. వంట గదిలోంచి ఉప్మా తాలింపు వాసన పైకి వచ్చేదాకా సాధన. తాలింపు వాసన రాగానే “యామే!” అనేది అక్క. అంటే ఆపమని.

మాస్టారు వెళ్ళిపోయాక మా దగ్గర మిగిలింది మాటలే. పుస్తకం లేదు, ఫోను లేదు. ఆయన నోటినుంచి విన్నది విన్నట్టు నా సోషల్ నోట్సు చివరి పేజీలో రాసుకున్నాను. ఇచ్, నీ, సాన్, షీ, గో, రోక్, సిచ్, హాచ్, క్యూ, జూ. తర్వాత మాయిగేరి, ఓయ్ జుకి, ఏజ్ ఉకే, గేడాన్ బరాయ్, కీబా డాచి. నా పేజీ చూసి చిన్నపిల్లలు రాసుకున్నారు. వాళ్ళది చూసి ఇంకొకరు. చివరికి ఒక డ్రాయింగు షీటు మీద స్కెచ్ పెన్నుతో రాసి మెట్ల గోడకు అంటించాం. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయే కొద్దీ మాటలు అరిగిపోతూ వచ్చాయి. “బస్సాయి” అనే కటా ఉందని విని, బస్సు నడిపే అబ్బాయి గురించేమో అనుకున్న చెల్లెళ్ళు కూడా ఉన్నారు!

తొమ్మిదో తరగతిలో, 2017 జనవరిలో, ఒక పోటీకి మా హాస్టలు నుంచి ముగ్గురం వెళ్ళాం. డ్రెస్సు అద్దెకు తెచ్చుకున్నాం. కటా పోటీలో ముందు వంగి నమస్కారం చేసి, చేయబోయే కటా పేరు గట్టిగా ప్రకటించాలి. కటా అంటే వరసగా కట్టిన కదలికల అమరిక. నాకు వచ్చింది మొదటిది ఒక్కటే. గుండె నిండా గాలి పీల్చి అరిచాను: “హయ్యాన్ సోడాన్!”

కుర్చీలో ఉన్న ఒకాయన పెన్ను కింద పెట్టి, “ఏ సోడామ్మా? గోలీ సోడానా?” అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. గ్యాలరీ నవ్వింది. తర్వాత “ఏ హాస్టలు?” అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు ఎక్కువ తగిలింది. కటా మొదలుపెట్టాను గానీ నాలుగో మలుపులో మరిచిపోయాను. అక్కడే నిలబడిపోయాను. హాస్టలుకు వచ్చాక కొన్ని నెలలు నా పేరు సోడా. మా పిల్లలు ప్రేమగానే పిలిచారు, తప్పుగా అనుకోకండి. కానీ నేను మేడ ఎక్కడం మానేశాను. ఇంకొకటి కూడా మానేశాను. నలుగురిలో గట్టిగా మాట్లాడడం. ఇంటర్లో, డిగ్రీలో సెమినారు అంటే నాకు కడుపునొప్పి వచ్చేది. ఏ మాట తప్పు పలుకుతానో, ఏ హాస్టలు అని ఎవరు అడుగుతారో అని.

పీజీకి హైదరాబాదు వచ్చాక సాయంత్రం పూట జపాను భాషకు ఒక సర్టిఫికెట్ కోర్సు ఉందని తెలిసింది. రూమ్మేటు చేరుతుంటే తోడుగా చేరాను. నిజం చెప్పాలంటే ఆ పాత పేజీలోని మాటలు అసలు ఏమిటో తేల్చుకోవాలని లోపల ఉంది. మొదటి రోజే మేడమ్ గారిని అడిగాను, “మేడమ్, సోడాన్ అంటే ఏమిటి?” అని. ఆమె నవ్వలేదు. బోర్డు మీద రాసి, “షొదన్. షొ అంటే మొదటిది. దన్ అంటే మెట్టు. మొదటి మెట్టు” అన్నారు. అంతే. ఆ చిన్న జవాబు కోసం నేను ఏళ్ళపాటు నోరు కట్టుకుని కూర్చున్నాను.

అక్కడినుంచి ఒక్కొక్క మాటా విప్పుకుంటూ వచ్చాను. కరాటే నేర్చుకుంటున్న చెల్లెళ్ళకు పనికొస్తుందని అవి ఇక్కడ రాస్తున్నాను. ఎం.ఎ.లో చదివిన ఛందస్సు, వ్యాకరణం దీనికి పనికొస్తాయని నేను కలలో కూడా అనుకోలేదు.

మొదటిది హ్రస్వం, దీర్ఘం. జపాను భాషలో అచ్చులు ఐదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. ఒక్కొక్కదానికి పొట్టిది, పొడవుది ఉంటాయి. మనకు లాగే. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ తేడా కనబడదు. హిందీ రాతలో మనలాగా ఎ–ఏ, ఒ–ఓ జంటలు విడివిడిగా లేవు. అందుకే ఆ దారుల్లో మనదాకా వచ్చేసరికి పొట్టివన్నీ పొడవయ్యాయి. అసలు మాట “కరతె”. మూడు లఘువులు, మూడు మాత్రలు. మనం “కరాటే” అని దాన్ని ఐదు మాత్రలు చేశాం. “యామే” కాదు “యమె”. “కటా” కాదు “కత”. మన తెలుగు లిపిలో ఈ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకోవచ్చు. అయినా మనం ఇంగ్లీషు స్పెల్లింగు చూసి తెలుగులో తప్పు రాసుకుంటున్నాం.

దీర్ఘం తప్పితే అర్థం మారుతుంది. మనకు పడు, పాడు వేరైనట్టే. సాధన చేసే చోటును “దోజో” అంటారు, రెండూ దీర్ఘాలే. మొదటిది పొట్టి చేసి “దొజో” అంటే బురదలో ఉండే ఒక సన్నటి చేప! “ఒబసన్” అంటే అత్తమ్మ, పిన్నమ్మ వరసైన ఆమె. “ఒబాసన్” అంటే అవ్వ. ఒక్క దీర్ఘంతో మనిషికి వయసు పెరిగిపోతుంది.

రెండోది ద్విత్వం. “ఇప్పొన్” అంటే పోటీలో పూర్తి పాయింటు. ఆ ప్ప దగ్గర మనం అప్ప, చెప్పు అన్నప్పుడు ఆగినట్టే ఆగాలి. “మవత్తె” అంటే తిరుగు అని. ఇక్కడ త్త. ఇంగ్లీషువాళ్ళకు ఇది కష్టం. అమ్మ, అక్క, అన్న, అత్త అని పిలిచే మనకు కష్టమేముంది?

ఇక్కడే ఛందస్సు పనికొచ్చింది. జపాను మాటను వాళ్ళు మాత్రలతో కొలుస్తారు. ద్విత్వానికి ముందు ఆగే చోటు ఒక మాత్ర, అరసున్నా కాని నిండుసున్నా ఒక మాత్ర. ఇప్పొన్ నాలుగు మాత్రలు, మన లెక్కలో రెండు గురువులు. సెన్సే నాలుగు, షొదన్ మూడు. గణవిభజన చేసే పిల్ల ఎవరైనా ఈ లెక్క తప్పదు. మాత్రలు సమానంగా పలికితే చాలు, సగం ఉచ్చారణ వచ్చేసినట్టే. ఇంగ్లీషు మాటలో లాగా ఒకచోట బలంగా ఒత్తి, మిగిలినది మింగకూడదు.

మూడోది ఆ నిండుసున్నా. సీనియరును “సెంపై” అంటారు. సున్నా పక్కన ప ఉంది కాబట్టి మ్ లాగా పలుకుతుంది. “కంకూ” అనే కతలో పక్కన క ఉంది కాబట్టి ముక్కులోంచి వస్తుంది. మనం పంపు, పందిరి, పంకా అన్నప్పుడు ఒకే సున్నా మూడు రకాలుగా పలికినట్టే. ఈ సూత్రం మనకు ఎవరూ నేర్పలేదు. నోటికి దానంతటదే తెలుసు.

నాలుగోది త, ద. ట, డ కాదు. నాలుకను పళ్ళ వెనక ఆనించి పలకాలి. అందుకే డాన్ కాదు దన్, గేడాన్ కాదు గెదన్, డాచి కాదు దచి.

ఐదోది వింటే నాకు ఒళ్ళు పులకరించింది. తన్నడాన్ని “కెరి” అంటారు. ముందుకు తన్నితే “మఎ గెరి”. కెరి గెరి ఎందుకైంది? గుద్దడాన్ని “త్సుకి” అంటారు. అడుగు ముందుకు వేసి గుద్దితే “ఒఇ జుకి”. నిలబడే తీరు “తచి”. గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడితే “కిబ దచి”. రెండు మాటలు కలిసి సమాసమైతే రెండో మాట మొదటి అక్షరం మెత్తబడుతుంది. క గ అవుతుంది, త ద అవుతుంది. చెల్లెళ్ళారా, ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? మన గసడదవాదేశ సంధి! కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. హాస్టలు గేటు దగ్గర వెనక్కి చూడకుండా పోయిన తండ్రి, తల్లి పక్కన చేరగానే దండ్రి అయినట్టు. వాళ్ళ దగ్గర హ అక్షరం బ అవుతుంది, అందుకే “హరై” మాట “గెదన్ బరై” అయింది. అన్నిచోట్లా ఇలా జరగదు, మన వ్యాకరణంలో బహుళం అన్నట్టే. తెలుగుకు, జపానుకు చుట్టరికం ఉందని నేను చెప్పడం లేదు. అవి వేరు వేరు కుటుంబాల భాషలు. దారిలో కలిసిన ఇద్దరికి ఒకే అలవాటు ఉన్నట్టు, అంతే.

ఆరోది, మేము తప్పనుకున్నవి కొన్ని ఒప్పని తెలిసింది. అంకెలు పూర్తిగా రాస్తే ఇచి, ని, సన్, షి, గొ, రొకు, షిచి, హచి, క్యూ, జూ. కానీ జపానువాళ్ళు చ, క, స లాంటి అక్షరాల దగ్గర వచ్చే ఇ, ఉ లను గుసగుసగా మింగేస్తారు. కాబట్టి వేగంగా లెక్కపెట్టేటప్పుడు ఇచ్, రొక్, హచ్ అనే వినబడుతుంది. ని, షి, గొ ఒంటి మాత్రవి కాబట్టి లెక్కలో కాస్త సాగదీస్తారు కూడా. మా మాస్టారి చెవి మంచిదే. మా మేడ మీది ఇచ్, నీ సరైనవే! క్లాసు చివర చెప్పే కృతజ్ఞత “అరిగతో గొజైమషిత” కూడా చెవికి “గొజైమష్త” అనే వినిపిస్తుంది. మనం చెప్పినాడు అన్నదాన్ని చెప్నాడు అన్నట్టు. ఇంకో మాట. షి అంటే నాలుగు, చావు కూడా. అందుకే నాలుగుకు “యొన్” అనే ఇంకో మాట ఉంది. హేఅన్ కతలు ఐదింటిలో నాలుగోది అందుకే “యొన్‌దన్”.

అర్థాలు తెలిశాక ఒళ్ళు కూడా మారుతుంది. “ఉకె”ని మేము అడ్డుకోవడం అనుకునేవాళ్ళం. అసలు అర్థం అందుకోవడం. ఎదుటివాళ్ళ దెబ్బను గోడలా ఆపడం కాదు, చేత్తో అందుకుని పక్కకు పంపడం. “సెన్సే” అంటే ముందు పుట్టినవారు అని అక్షరాల అర్థం. బడిపంతులును, డాక్టరును కూడా అలాగే పిలుస్తారు. “ఒస్” అన్నది రెండు అక్షరాల మాట, ఒకటి నెట్టడం, రెండోది ఓర్చుకోవడం. దోజోలో అనండి గానీ, జపాను పెద్దవాళ్ళు ఎదురైతే ఒస్ అనకండి. అది మొరటు పలకరింపు అవుతుంది.

ఇప్పుడు నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి చెబుతాను. కరాటే పుట్టింది ఓకినావా దీవుల్లో. అది ఒకప్పుడు వేరే రాజ్యం. 1879లో జపాను దాన్ని కలిపేసుకుని జిల్లాగా మార్చింది. ఓకినావావాళ్ళ భాష వేరు. తర్వాత బళ్ళలో సొంత భాష మాట్లాడిన పిల్లల మెడలో ఒక చెక్క పలక వేలాడదీసేవాళ్ళు. ఇంకో పిల్లో, పిల్లవాడో ఆ తప్పు చేసి దొరికేదాకా ఆ పలక మోయాలి. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా మెడలో చెక్క లేదు గానీ ఏళ్ళపాటు ఏదో ఒకటి మోశాను కదా అనిపించింది.

ఆ ఓకినావా నుంచి ఫునకొషి గిచిన్ అనే బడిపంతులు 1922లో తోక్యో వెళ్ళి ఈ విద్యను ప్రదర్శించారు. “షోతో” ఆయన కలం పేరు, పైన్ చెట్ల మీద గాలి అలలు అని అర్థం. అందులోంచే షోతోకన్ అనే పేరు వచ్చింది. రాజధానివాళ్ళకు అర్థం కావాలని ఆయన కతల పేర్లు మార్చారు. ఓకినావాలో “పినన్” అన్నదే ఆయన దగ్గర “హేఅన్” అయింది. రాసే అక్షరాలు అవే, చదివే తీరు మారింది. శాంతి అని అర్థం. “కర” అన్న మాటకు మొదట చైనా అని అర్థం వచ్చే అక్షరం రాసేవారు. చైనా చెయ్యి అన్నమాట. తర్వాత అదే శబ్దానికి ఖాళీ అని అర్థం వచ్చే అక్షరం పెట్టారు. 1936 అక్టోబరు 25న నాహా నగరంలో ఓకినావా గురువులు సమావేశమై ఆ ఖాళీ చెయ్యి అనే రాతనే ఖాయం చేశారు. ఆ రోజును ఓకినావా శాసనసభ 2005లో కరాటే దినంగా ప్రకటించింది. తోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగినప్పుడు కరాటే కూడా ఉంది.

అంటే ఏమిటి? నేను తప్పు పలికానని నవ్విన ఆ పేరు, అసలు ఊళ్ళో ఇంకో పేరు. నన్ను నవ్విన ఆయన కూడా ఆ రోజు మైకులో “హేయాన్ షోడాన్” అనే అన్నాడు. అదీ జపాను పలుకుబడి కాదు. ఆమాటకొస్తే జపానువాళ్ళకు ల లేదు. మన తెలుగును వాళ్ళు “తెరుగు” అంటారు. బస్సును మనం బస్సు చేసుకున్నట్టు వాళ్ళు “బసు” చేసుకున్నారు. హోటలును “హొతెరు” అంటారు. మాట ఊరు దాటితే ఆ ఊరి బట్ట కట్టుకుంటుంది. అందులో నవ్వాల్సింది లేదు. తెలుగులో మాట్లాడుకునేటప్పుడు కరాటే అనే అందాం, అది ఇప్పుడు మన మాట. ఆజ్ఞలు, కతల పేర్లు మాత్రం అసలు పలుకు తెలుసుకుందాం, దేశం ఏదైనా దోజోలో అందరూ కలిసేది ఆ మాటల దగ్గరే కాబట్టి.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. వసారాలో అమ్మ శెనక్కాయలు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని “త్సుకి, త్సుకి” అని గొణుగుతున్నాను. ఆ “త్సు” నాకు సరిగ్గా పట్టుబడలేదు. క్లాసులో అయితే తుసుకి, లేకపోతే చుకి అయ్యేది.

“ఏందే అది, సణుక్కుంటాండావు?” అంది అమ్మ.

“జపాను మాట మా. గుద్దడం అని. త్సుకి.”

“చుకి” అంది అమ్మ.

నేను తలెత్తి చూశాను. అమ్మ పలికింది చిలకలో చ కాదు. చుక్క, చుట్టం అన్నప్పుడు మా అవ్వ పలికే చు. నాలుక పళ్ళకు తగిలించి పలికే దంత్య చకారం. వ్యాకరణంలో మార్కుల కోసం చదివాను. అమ్మ నోట్లో అది ఉంది.

“మల్లా అను మా. ఒఇ జుకి అను.”

“ఒయిజుకి” అంది. జుట్టులో జు. అచ్చంగా మా జపాను మేడమ్ పలికినట్టే. నేను బళ్ళో అక్షరం చూసి చదవడం నేర్చుకున్నాక చుక్కను కూడా చిలక లాగే పలకడం అలవాటు చేసుకున్నాను. టౌను పిల్లలు నవ్వుతారని కూడా. అమ్మకు అక్షరం రాదు. ఆ శబ్దం ఆమె దగ్గర భద్రంగా ఉండిపోయింది. “నీకు బాగా వచ్చింది మా” అంటే, “గుద్దేదానికి సదువెందుకే” అని నవ్వి మళ్ళీ కాయలు ఒలుచుకుంది. నేను మాత్రం లోపలికి వెళ్ళి కాసేపు గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

అమ్మను అడిగే ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. “ఫుదో దచి” అనే నిలకడలో ఫు ఉంది. అది పై పళ్ళతో పెదవి కొరికి పలికే ఇంగ్లీషు ఫ కాదు. రెండు పెదవులు దగ్గర చేసి పొయ్యి ఊదినట్టు ఊదాలి. మన ఇళ్ళలో ఇది ఎవరికి రాదు?

పండగ అయ్యాక హైదరాబాదు పోయే దారిలో హాస్టల్లో దిగాను. మెట్ల గోడ మీద మా డ్రాయింగు షీటు ఇంకా ఉంది. రంగు వెలిసింది. నా చేతిరాతలోనే సోడాన్ అని ఉంది. ఉదయం ఐదున్నరకు తొమ్మిదో తరగతి పిల్ల ఒకటి ముందు నిలబడి ఇచ్, నీ, సాన్ అని లెక్కపెడుతుంటే ఇరవైమంది పిల్లలు గుద్దులు గుద్దుతున్నారు. మాస్టారు లేకపోయినా ఇన్నేళ్ళు ఆ లెక్క ఆగలేదు. నేను మానేసినా ఆగలేదు. ఆ సంగతి తెలిసి సిగ్గుపడ్డాను, సంతోషపడ్డాను కూడా.

పాత షీటు చింపలేదు. పక్కన కొత్తది అంటించాం. అందులో ఉన్నవి ఇవి:

యోఇ – సిద్ధం కావాలి
హజిమె – మొదలుపెట్టాలి
యమె – ఆపాలి
నఒరె – మామూలుగా నిలబడాలి
మవత్తె – తిరగాలి
మొకుసో – కళ్ళు మూసుకుని మౌనంగా ఉండాలి (మొక్‌సో అని వినబడుతుంది)
రే – వంగి నమస్కారం
ఒతగై ని రే – ఒకరికొకరు నమస్కారం
జోదన్, చూదన్, గెదన్ – పై భాగం, మధ్య భాగం, కింది భాగం
అగె ఉకె – పైకెత్తి అందుకోవడం
మఎ గెరి – ముందుకు తన్నడం
ఒఇ జుకి – అడుగు వేసి గుద్దడం
కిఅఇ – ఊపిరి, మనసు ఒకచోట చేర్చి వేసే కేక

ఏడో తరగతి పిల్ల ఒకటి అడిగింది. “అక్కా, అయితే ఇన్నాళ్ళూ మేం తప్పు చెప్పినామా?”

ఈ ప్రశ్న నేను నన్ను చాలాసార్లు అడుక్కున్నాను కాబట్టి జవాబు వెంటనే వచ్చింది. “తప్పు కాదు బంగారూ. నేర్పేవాళ్ళు లేకపోయినా మీరు వదిలిపెట్టలేదు. మాట కొంచెం అరిగింది, అంతే. ఇప్పుడు సరిచేసుకుందాం” అన్నాను. తర్వాత ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి కత పేరు ప్రకటించమన్నాను. సగంమందికి గొంతు పెగల్లేదు. నాకు తెలుసు ఆ గొంతు. అందుకని ముందు నేనే నిలబడ్డాను. చున్నీ నడుముకు కట్టుకుని, వంగి నమస్కారం చేసి, ఎదురుగా నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ అరిచాను.

“హేఅన్ షొదన్!”

కింద వంట అక్క గరిటె పట్టుకుని బయటికి వచ్చి చూసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈసారి నాలుగో మలుపు మరిచిపోలేదు. మోకాలు మాత్రం పట్టేసింది! తర్వాత పిల్లలందరూ ఒక్కొక్కరుగా అరిచారు. చివరికి ఆ ఏడో తరగతి పిల్ల కూడా.

చెల్లెళ్ళారా, మనం పలికే తీరు చూసి నవ్వేవాళ్ళు రేపు కూడా ఉంటారు. ఇంగ్లీషులో నవ్వుతారు, తెలుగులో నవ్వుతారు, జపానులో కూడా నవ్వుతారు. నవ్వారని నోరు మూసుకోకండి. నేను మూసుకుని పోగొట్టుకున్న ఏళ్ళు మీరు పోగొట్టుకోవద్దు. తెలియకపోతే అడగండి. అడిగితే చెప్పేవాళ్ళు దొరుకుతారు. మన ఇంట్లో, మన నోట్లో ఉన్నదాన్ని మాత్రం తక్కువ అనుకోకండి. మీ అమ్మను ఒకసారి చుక్క అనమనండి, తెలుస్తుంది.

పూర్వ విద్యార్థినులైన అక్కలకు ఒక మనవి. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు ఒక్క ఉదయం హాస్టలు మేడ ఎక్కండి. మీకు వచ్చింది ఏదైనా సరే, పిల్లలకు చెప్పండి. టీచరైన అక్క లెక్కలు చెప్పొచ్చు, కానిస్టేబులైన అక్క పరుగు నేర్పొచ్చు. నాకు ఉద్యోగం ఇంకా రాలేదు, అది కూడా షొదనే కదా, మొదటి మెట్టు. ఎక్కుతాను.

ఐదున్నరకు రండి. తాలింపు వాసన వచ్చేదాకా ఉందాం.